గోడలకు చెవులున్న దేశం

2024 డిసెంబరు 8న సిరియా నియంత బషర్ అల్ అసద్ దేశం విడిచి మాస్కోకు పారిపోయాడు. ఏ వర్గం ఏ నగరాన్ని పట్టుకుంది, రష్యా ఎందుకు వెనుకంజ వేసింది, ఇరాన్ ఏం కోల్పోయింది అన్న చర్చ మన పత్రికల్లో చాలా జరిగింది. తండ్రీకొడుకుల పాలన 54 ఏళ్ళు ఎలా నిలబడిందన్న ప్రశ్న మాత్రం అంతగా వినిపించలేదు. ట్యాంకులు రోడ్డెక్కింది ఎప్పుడో కొన్నిసార్లు. మిగతా రోజుల్లో ఆ పని చేసింది భయం. గోడలకు చెవులుంటాయని మనం మాటవరసకు అంటాం. సిరియా తల్లులు అదే మాటను పిల్లలకు జాగ్రత్తగా నేర్పేవారు.

1963 మార్చిలో బాత్ పార్టీ అధికారానికి వస్తూనే అత్యవసర పరిస్థితి విధించింది. దాన్ని ఎత్తివేసింది 2011 ఏప్రిల్‌లో. అంటే 48 సంవత్సరాలు! సరిహద్దులో ఇస్రాయీల్ ఉంది కాబట్టి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదన్నది వారి వాదన. గోలాన్ కొండలు తిరిగి రాలేదు, నోళ్ళు మాత్రం మూతపడ్డాయి. 1982 ఫిబ్రవరిలో హమా పట్టణాన్ని సైన్యం నేలమట్టం చేస్తే ఎంతమంది చనిపోయారో నేటికీ లెక్క లేదు. 10 వేల నుండి 40 వేల దాకా అంచనాలున్నాయి. రాసే పత్రిక లేని చోట శవాలకు లెక్క కూడా ఉండదు. మన దేశంలో 1975లో విధించిన ఎమర్జెన్సీ 21 నెలలే సాగింది. ఆ కొద్ది కాలంలోనే ఆరెస్సెస్, జమాఅతె ఇస్లామీ రెండింటినీ నిషేధించి, ఇరుపక్షాల నాయకులనూ జైళ్ళలో పెట్టిన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

2000లో హాఫిజ్ అల్ అసద్ మరణించాడు. రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడికి 40 ఏళ్ళుండాలి, కొడుక్కి 34 ఏళ్ళే. పార్లమెంటు అదే రోజున వయసును 34కు తగ్గించింది! అయినా, లండన్‌లో కంటి వైద్యం చదివి వచ్చిన యువకుడు కదా అని జనం ఆశపడ్డారు. ఇళ్ళల్లో చర్చా సభలు మొదలయ్యాయి. దాన్నే 'డమాస్కస్ వసంతం' అన్నారు. రియాద్ సైఫ్ అనే పార్లమెంటు సభ్యుడు మొబైల్ ఫోను లైసెన్సుల వ్యవహారాన్ని బయటపెట్టాడు. అధ్యక్షుడి మేనమామ కొడుకు రామీ మఖ్లూఫ్ లాభం కోసం ఖజానాకు గండి కొడుతున్నారన్నాడు. 2001 సెప్టెంబరులో ఆయన్ను అరెస్టు చేసి, మరుసటి ఏడాది ఐదేళ్ళ శిక్ష వేశారు. ఆర్థికవేత్త ఆరిఫ్ దలీలాకు పదేళ్ళు. ఆ తర్వాత లెక్క అడిగే ధైర్యం ఎవరికుంటుంది? 2020కి వచ్చేసరికి ఆ మఖ్లూఫ్ సంస్థ నుండి బకాయిల కోసం ప్రభుత్వమే వెంటపడింది. సైఫ్ మాట 2001లోనే విని ఉంటే పాలకులకే మేలు జరిగేది. నోరు నొక్కినవాడి చెవులు కూడా మూసుకుపోతాయి. కింది అధికారి పైవాడికి నచ్చే కబురే చేరవేస్తాడు, చివరకు నియంతకే తన దేశంలో ఏం జరుగుతుందో తెలియకుండా పోతుంది.

అలీ ఫర్జాత్ అనే కార్టూనిస్టు సంగతి చూడండి. హమాలో పుట్టినవాడు. ఆయన వ్యంగ్య పత్రిక 'అద్దోమరీ' 2001లో మొదలై 2003లో మూతపడింది. 2011లో ఆయనొక బొమ్మ గీశాడు. గద్దాఫీ కారులో పారిపోతుంటే బషర్ సూట్‌కేసు పట్టుకుని తననూ ఎక్కించుకోమని దారిపక్కన నిలబడి ఉంటాడు. ఆ ఆగస్టులోనే ముసుగు మనుషులు ఆయన్ను పట్టుకుని చితకబాది, బొమ్మలు గీసే చేతులు విరిచి రోడ్డు పక్కన పారేశారు. పదమూడేళ్ళకు ఆ బొమ్మ నిజమైంది.

మన హైదరాబాదుకు ఈ కథ కొత్త కాదు. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో కాచిగూడ ప్రాంతంలో రజాకార్లు కాల్చి, చేతిని నరికివేశారు. సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని రాయడమే ఆయన నేరం. చంపినవారూ కలిమా చదివేవారే, చనిపోయినవాడూ కలిమా చదివేవాడే.

భావ ప్రకటనా స్వాతంత్ర్యం అనగానే మనలో చాలామందికి దైవప్రవక్త (స) పై కొందరు కూసిన కారుకూతలే గుర్తుకొస్తాయి. ఆ బాధ నిజమైనదే. కాని ఆ కోపంలో స్వాతంత్ర్యాన్నే పరాయి సరుకుగా చూస్తే నష్టపోయేది మనమే. దౌర్జన్యపరుడైన పాలకుని ఎదుట న్యాయమైన మాట పలకడాన్ని శ్రేష్ఠమైన జిహాద్‌గా దైవప్రవక్త (స) పేర్కొన్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫాగా తన తొలి ప్రసంగంలోనే, తాను దారి తప్పితే సరిదిద్దమని ప్రజలను కోరారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) కొరడా దెబ్బలు తిన్నది ముస్లిం ఖలీఫా దర్బారులోనే. పాలకుణ్ణి విమర్శించడం ఫిత్నా అని వాదించే ఉలమా నేటికీ ఉన్నారు. అంతర్యుద్ధాన్ని గురించిన వారి భయం అర్థం లేనిది కాదు. సిరియాలో 2011-2021 మధ్య మూడు లక్షలకు పైగా పౌరులు చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. అయితే ఆ మంట ఎక్కడ అంటుకుంది? దరఆ పట్టణంలో కొందరు బడి పిల్లలు 'డాక్టరూ, ఇక నీ వంతు' అన్న అర్థంలో గోడమీద రాస్తే, వారిని పట్టుకుపోయి హింసించడంతో. నసీహత్ తలుపు మూసినవాడే ఫిత్నా తలుపు తెరిచాడు.

ఆ సంవత్సరం డమాస్కస్ ఉలమా కూడా రెండు దారులు పట్టారు. సీరత్ గ్రంథకర్తగా మనందరం గౌరవించే షేఖ్ సయీద్ రమజాన్ బూతీ ప్రభుత్వం పక్షాన నిలిచారు. 2013 మార్చిలో మస్జిద్‌లో పాఠం చెబుతుండగా పేలుడులో మరణించారు. ఆయన అభిప్రాయం మాకు సమ్మతం కాదు, ఆ హత్య అంతకంటే సమ్మతం కాదు. మరొకరు షేఖ్ ఉసామా రిఫాయీ. 2011 రమజాన్ చివరి రోజుల్లో అసద్ మనుషులు ఆయన మస్జిద్‌లోకే చొరబడి ఆయన్ను గాయపరిచారు.

ఇప్పుడు పాలకులు మారారు. 2025 మార్చిలో అధ్యక్షుడు అహ్మద్ అల్ షరా సంతకం చేసిన తాత్కాలిక రాజ్యాంగ ప్రకటన ఐదేళ్ళ గడువు పెట్టుకుని, భావ ప్రకటనకూ పత్రికలకూ హామీ ఇచ్చింది. సంతోషమే. కాని అదే మార్చిలో తీర ప్రాంతంలో అలవీల ఊచకోత జరిగింది, జులైలో సువైదాలో ద్రూజ్‌ల రక్తం పారింది. కొత్త పాలకుల పాత చరిత్రనూ మరువరాదు. ఇద్లిబ్ ప్రాంతంలోని కఫర్ నబ్ల్ ఊళ్ళో రాయద్ ఫారిస్ అనే వ్యక్తి రేడియో నడిపేవాడు. సంగీతం వినిపించరాదని సాయుధులు ఆంక్ష పెడితే పిట్టల కూతలు, మేకల అరుపులు ప్రసారం చేశాడు! అసద్‌నూ, వీరినీ సమానంగా విమర్శించిన ఆయన్ను 2018 నవంబరులో దుండగులు కాల్చి చంపారు. అప్పటికి ఆ ప్రాంతం షరా వర్గం చేతుల్లోనే ఉంది.

2011లో దెబ్బలు తిన్న షేఖ్ రిఫాయీని 2025 మార్చిలో సిరియా ప్రధాన ముఫ్తీగా నియమించారు. రేపు ఏ యువ ఖతీబో మింబర్ మీద నుండి సువైదా హత్యలకు జవాబు అడిగితే, రాత్రికి ఆ ఖతీబ్ ఇంటికి మనుషులు వస్తే, ముఫ్తీ సాహెబ్ ఏం చేస్తారో చూడవలసి ఉంది.