కొండ విడువని మొక్కలు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనమును 1991లో సవరించినపుడు, అంతవరకు జంతుజాలమునకే పరిమితమైయుండిన రక్షణను మొక్కలకును విస్తరింపజేసి, ఆరవ షెడ్యూలున ఆరు పద్దులు చేర్చిరి. అందు ఎడతెగని వానల మేఘాలయపు కూజామొక్క, అనగా నెపెంథిస్ ఖాసియానా, యొకటి. వానకై మొగము వాచిన మన శేషాచలపు సైకస్ బెడ్డోమీ మరియొకటి. ఇంత దూరపు మొక్కలు రెండును ఒకే పట్టిక కెక్కినవి; రెండింటి స్వస్థలమును కొద్దిపాటి కొండలకే పరిమితము.

గారో, ఖాసీ, జయంతియా కొండలలో కూజామొక్క పెరుగు నేల సారహీనమైనది. అందుచే దాని ఆకుకొన తీగయై సాగి, చివర నుబ్బి మూతగల కూజాగా మారును. అంచున నూరు తేనెకు ఆశపడి వచ్చిన చీమ, తడిసిన యా యంచుపై కాలూనలేక జారి, నున్నని లోగోడ నెగబ్రాకజాలక, అడుగున నున్న జీర్ణరసమున మునిగి, మొక్కకు నత్రజనిని సమకూర్చును. ఇంత నేర్పుగల మొక్కకును బొగ్గుగనులు, పోడుసేద్యము, అలంకారమునకై వేళ్లతో పెకలించుకొనిపోవువారు ముప్పుగా పరిణమించిరి.

మన సైకస్ ఈతచెట్టును పోలిన పొట్టిమొక్క. 1883లో డయ్యర్ దీనిని వర్ణించి, కర్నల్ బెడ్డోమ్ పేరు పెట్టెను. కార్చిచ్చు ఆకులను మాడ్చినను మొదలు మరల చిగిర్చును. కాని యీ జాతిలో ఆడ మగ చెట్లు వేరగుటచే, మందులకై మగశంకువులను కోసికొనిపోయినచోట ఆడచెట్టు విత్తు కట్టజాలదు. కూజామొక్కకును ఆడ మగ మొక్కలు వేరే.

అంతర్జాతీయ వాణిజ్యమును నియంత్రించు సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధమున నీ రెండును కలవు. అయితే కాగితముపై రక్షణకును అడవిలోని రక్షణకును నడుమ నెంత యెడమున్నదో, ఎర్రచందనము 1995లో రెండవ అనుబంధమున చేరిన పిమ్మటను గొడ్డలివేటు తప్పని లంకమల యడవుల నెరిగిన బద్వేలు వారికి వేరుగ చెప్పనక్కరలేదు. మేఘాలయమున బాగ్మారాలో కూజామొక్క కొరకే యొక చిన్న యభయారణ్యము నేర్పరచిరి. శేషాచలమును 2010లో జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించిరి. ఇక, ఏ వాలున ఆడచెట్లకు చేరువలో మగచెట్లు మిగిలియున్నవో లెక్కించి, ఆ వాలుననైనను శంకువుల కోతను కచ్చితముగా ఆపించుట అటవీశాఖ వంతు. ఆ లెక్కకు కొండదారు లెరిగిన స్థానికులను తోడు తీసికొననిచో, శాసనము రక్షింపదలచిన చెట్టు శాసనములోనే మిగులును.