నేలతల్లికి పచ్చని దుప్పటి

గడ్డిపరక కూడా కనిపించని తోటే మంచి తోట అనే అభిప్రాయం చాలామంది ద్రాక్ష రైతులలో బలంగా నాటుకొని ఉంది. తీగల వరుసల మధ్య ఊడ్చినట్లున్న నేలను చూసి దారిన పోయేవారు కూడా ఆ రైతు శ్రద్ధను మెచ్చుకుంటారు. కాని ఆ బోడినేల ఏటేటా తన సారాన్ని కోల్పోతూ ఉంటుంది. ‘పైన పటారం, లోన లొటారం’ అనే సామెత అటువంటి తోటలకు చక్కగా సరిపోతుంది.

ద్రాక్ష ఏళ్ల తరబడి ఒకేచోట నిలిచి ఉండే పంట. వరి తరువాత మినుము వేసినట్లు అక్కడ పంట మార్పిడికి వీలులేదు. వరుసకూ వరుసకూ మధ్య ఎనిమిది, పది అడుగుల ఖాళీ ఉంటుంది. బిందుసేద్యంలో నీరు తీగ మొదలుకే అందుతుంది గనుక ఆ ఖాళీ నేల ఎండకు కాగిపోతుంది. మందులు చల్లే యంత్రాల బరువుకు గట్టిపడుతుంది. జడివాన కురిస్తే పైమట్టి నీటితో కొట్టుకుపోతుంది. అంగుళం మందాన పైమట్టి ఏర్పడటానికి వందల ఏళ్లు పడుతుంది. అది పోవడానికి కొద్ది వానాకాలాలు చాలు.

దీనికి విరుగుడు మన పెద్దలకు తెలియనిది కాదు. వరి మళ్లలో జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి కలియదున్నడం తెలుగు రైతుకు పాత అలవాటే. ఆ పైరులనే ద్రాక్ష వరుసల మధ్య ఆచ్ఛాదన పంటలుగా, అంటే నేలను కప్పి ఉంచే పంటలుగా, పెంచవచ్చు. వాటి ఆకులు వాన దెబ్బను తాము కాచుకుంటాయి. వేళ్లు నేలను గుల్లబరచి నీటిని లోపలికి ఇంకనిస్తాయి. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. పూతకు వచ్చే దశలో, సుమారు 45 రోజులకు, పైరును కోసి అక్కడే పరిస్తే అది కుళ్లి ఎరువవుతుంది. వానపాములకు ఆహారమవుతుంది. లోతుగా దున్నితే ద్రాక్ష వేళ్లు తెగుతాయి గనుక కోసి పరచడమే మేలు.

ఈ పద్ధతిని శంకించే రైతులూ లేకపోలేదు. ‘ఉన్న నీరు తీగలకే చాలదు, మధ్యలో మరో పైరా?’ అని వారడుగుతారు. తోటలో తేమ పెరిగి బూజు తెగులు వస్తుందని భయపడతారు. ఈ మాటలలో నిజం లేకపోలేదు. అందుకే అదను ముఖ్యం. మహారాష్ట్రలో ద్రాక్షకు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి కత్తిరింపు జరుగుతుంది. జూన్ తొలకరికి విత్తి ఆగస్టులోగా కోస్తే పైరు వాననీటితోనే పెరుగుతుంది. పండ్ల కోసం చేసే కత్తిరింపు నాటికి ఎరువై సిద్ధంగా ఉంటుంది. వేసవిలో పచ్చిపైరును ఉంచక, కోసిన ఎండు రొట్టనే కప్పుగా ఉంచాలి. నత్రజని మితిమీరితే ఆకు పెరిగి కాయ తగ్గుతుంది. కనుక భూసార పరీక్ష చేయించి యూరియాను ఆ మేరకు తగ్గించుకోవాలి.

ఒకే పద్ధతి అన్ని చోట్లా పనికిరాదు. తమిళనాడులోని కంబం లోయలో పన్నీరు ద్రాక్ష ఏడాది పొడవునా కోతకు వస్తుంది. తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న కర్ణాటకలోని చిక్కబళ్లాపురం ప్రాంతంలో వేరే రకాలు పండిస్తారు. పందిరి దట్టంగా కమ్ముకున్న తోటలో నీడవల్ల కింది పైరు ఎదగదు. కాబట్టి ఏ ప్రాంతపు రైతు ఆ ప్రాంతపు వానలను, కత్తిరింపు కాలాన్ని గమనించి నాలుగు వరుసలలో ముందుగా వేసి చూడటం వివేకం.

ద్రాక్షగుత్తి ఒక్క ఏటి ఫలం. నేల తరతరాల ఆస్తి. గుత్తిని అమ్ముకునే హక్కు నేటి రైతుకు ఉంది. నేలను సారం చెడకుండా బిడ్డలకు అప్పగించే బాధ్యత కూడా అతనిదే.