గేర్ల ఆయిల్ మార్పు: విస్తరణ పాఠాల్లో చోటు దక్కవలసిన విషయం

విత్తనం, ఎరువు, చీడపీడల గురించి రైతుకు చెప్పే సలహాలకు మన విస్తరణ సేవల్లో కొదవ లేదు. పొలాన్ని దున్నే ట్రాక్టరు గేర్ బాక్సులోని ఆయిల్‌ను ఎప్పుడు, ఎలా మార్చాలో చెప్పేవారు మాత్రం అరుదు. అది మెకానిక్ పని, మన పని కాదన్న భావనే ఇందుకు కారణం. ఖమ్మం జిల్లా దాటి భద్రాచలం అడవి అంచుకు చేరేసరికి ఈ భావన రైతుకు భారమవుతున్నది. చర్ల, దుమ్ముగూడెం మండలాల మారుమూల గూడేలకు మెకానిక్ రావాలన్నా, ట్రాక్టరును పట్టణానికి తరలించాలన్నా ఖర్చు, కాలం రెండూ తప్పవు. వానాకాలం నాట్ల వేళ బండి ఆగిపోతే, దాన్ని గంటల లెక్కన కిరాయికి తీసుకొనే చిన్న రైతు నారు ముదిరిపోతుంది.

ఈ ప్రాంతంలో గేర్ల ఆయిల్‌కు ప్రధాన శత్రువు దమ్ము. ఇనుప చక్రాలతో బురదలో గంటల తరబడి తిరిగే ట్రాక్టరులో, ఇరుసు సీలు అరిగితే నీరు లోపలికి చేరుతుంది. చాలా ట్రాక్టర్లలో గేర్లకు, హైడ్రాలిక్ లిఫ్టుకు, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులకు ఒకే ఆయిల్ పనిచేస్తుంది. కనుక ఆ ఆయిల్ చెడితే నష్టం ఒక్క గేర్లతో ఆగదు.

ఆధునిక ఆటోమేటిక్ కార్లలో కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు. ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరినప్పుడే మట్టం చూడాలి, ఆ ఉష్ణోగ్రతను తెలుసుకోవడానికి తరచు స్కానర్ కావాలి. మన పొలాల్లోని సాధారణ ట్రాక్టరుకు ఆ అవసరం లేదు. డిప్‌స్టిక్, తెల్లని గుడ్డ, కొలపాత్ర, కంపెనీ చేతిపుస్తకం ఉంటే చాలు. ఆయిల్ పాలలా తెల్లబారితే నీరు చేరినట్లు. అనుమానముంటే వేడి చేసిన ఇనుప రేకుపై ఒక్క చుక్క వేసి దూరం నుండి చూడాలి, చిటపటలాడితే నీరున్నట్లే.

మార్చే విధానమూ కష్టమైనది కాదు. బండిని కొంతసేపు నడిపి, సమతల నేలపై నిలిపి, లిఫ్టు చేతులను దించి, ఇంజను ఆపాలి. గోరువెచ్చని ఆయిల్ మలినాలను వెంటబెట్టుకొని దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలుతాయి. దిగిన ఆయిల్‌ను కొలిచి రాసుకోవాలి. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే, దానిపై మెత్తని బూడిదరంగు పొడి సహజమైన అరుగుదల. వేళ్లకు చిక్కే ముక్కలుంటే పని అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవాలి. జాలీని శుభ్రపరచి, వాషర్, ఫిల్టర్ మార్చి, చేతిపుస్తకం చెప్పిన రకం ఆయిల్‌నే నింపాలి. ఇంజను నడిపి, లిఫ్టును పలుమార్లు ఎత్తి దించి, ఇంజను ఆపి మట్టాన్ని మళ్లీ చూడాలి. చవకగా దొరికిందని వేరే రకం ఆయిల్ పోస్తే బ్రేకులు సరిగా పట్టకపోవచ్చు. నీరు చేరిన బండికి సీలు మార్చకుండా ఆయిల్ ఒక్కటే మార్చడం, చిల్లుకుండలో నీరు పోయడమే.

ఎక్కడ ఆగాలో చెప్పడమూ ఈ పాఠంలో భాగమే. వరి నాటు యంత్రాలు, గొలుసు చక్రాల కోత యంత్రాలలో అనేకం హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్‌తో నడుస్తాయి. వాటి పంపు, మోటారు సూక్ష్మమైన కొలతలతో తయారవుతాయి. కాస్త దుమ్ము చేరినా దెబ్బతింటాయి. వాటి ఆయిల్ మట్టాన్ని రోజూ చూడటం రైతు పని, విప్పి బాగుచేయడం శిక్షణ పొందినవారి పని.

పాత ఆయిల్ సంగతి అంతకన్నా ముఖ్యం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వాడిన ఆయిల్ వస్తుంది. తాలిపేరు, కిన్నెరసాని నీళ్లు చివరకు గోదావరిలోనే కలుస్తాయి. వాగు ఒడ్డున ఒంపిన డబ్బా ఆయిల్ ఆ నీటిని తాగే పశువులకూ మనుషులకూ చేరుతుంది. దాన్ని మూత ఉన్న డబ్బాలో దాచి, అనుమతి పొందిన సేకరణదారులకు అప్పగించే ఏర్పాటు గ్రామస్థాయిలో జరగాలి.

ఇందుకు కొత్త పథకం అక్కరలేదు. వైరా కృషి విజ్ఞాన కేంద్రం, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల మన చేరువలోనే ఉన్నాయి. గ్రామాలలో ఉండి పనిచేసే తుది సంవత్సరం విద్యార్థులు, మెకానిక్ సమక్షంలో, వానలకు ముందే ఒక ప్రదర్శన నిర్వహించవచ్చు. ప్రతి ట్రాక్టరుకూ ఒక నోటు పుస్తకం పెట్టి, నడిచిన గంటలు, దిగిన ఆయిల్ కొలత, దాని రంగు రాయించవచ్చు. మూడు సీజన్లు అలా రాస్తే ఏ గూడెంలో ఏ లోపం తరచు వస్తున్నదో మనకే తెలుస్తుంది. భూసార పరీక్ష చేయించమని రైతును కోరే మనం, ఆ భూమిని దున్నే యంత్రాన్ని పరీక్షించుకోవడమూ నేర్పడం న్యాయం.