అచ్చుకెక్కని నాణెం ఎవరి సొత్తు?

పాత నాణేలు పోగుచేసేవాణ్ణి చూసి, పిసినారితనానికి పాండిత్యం రంగు పూశాడని మిత్రులు నవ్వుతూంటారు. నవ్వనివ్వండి. నేను పోగుచేసేవి మధ్యయుగపు బైజాంటియమ్ రాగినాణేలు. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా 1453 దాకా నిలిచిన తూర్పు రోమన్ సామ్రాజ్యంలో చేతులు మారిన చిల్లర డబ్బు ఇది. మా వ్యాసంగంలో అందరూ మోజుపడే మాట ఒకటుంది: ‘అప్రకటితం’. అంటే ఇంతవరకు ఏ కేటలాగులోకీ ఎక్కని నాణెం. ఆ మాట మీదే నా తగాదా.

ఏ కేటలాగులోనూ లేదనాలంటే ముందు కేటలాగులు చూడాలి గదా! 1908 నాటి బ్రిటిష్ మ్యూజియం కేటలాగు, 1966 నుంచి 1999 దాకా అయిదు సంపుటాలుగా వచ్చిన డంబార్టన్ ఓక్స్ కేటలాగు తిరగెయ్యకుండా ఆ మాట అనడం తొందరపాటు. తిరగేశాక కూడా మన కళ్ళనే అనుమానించాలి. అచ్చు రెండుసార్లు పడి అక్షరాలు చెదిరి ఉండవచ్చు. అరిగిపోయి ఒక చక్రవర్తి పేరు ఇంకొకరి పేరులా కనిపించవచ్చు. దొంగనాణెమే కావచ్చు.

అసలు పరీక్ష పేరులేని ఫోలిస్‌ల దగ్గర ఎదురవుతుంది. 969–976 మధ్య ఏలిన జాన్ జిమిస్కిస్ కాలం నుంచి, 1092లో అలెక్సియస్ కొమ్నీనస్ నాణేలను సంస్కరించేదాకా, చాలా రాగి ఫోలిస్‌ల మీద చక్రవర్తి పేరూ లేదు, బొమ్మా లేదు. ఉన్నది క్రీస్తు బొమ్మ. మరి ఏది ముందుది, ఏది తర్వాతది? టంకశాలలో చాలాసార్లు పాత నాణెం మీదే కొత్త అచ్చు కొట్టేవారు. కొత్త బొమ్మ కింద పాత బొమ్మ జాడ మిగిలేది. కిందది ముందుది, పైది తర్వాతది. అంతే లెక్క! ఏథెన్స్ అగోరా తవ్వకాల్లో దొరికిన నాణేలను పరిశీలించి మార్గరెట్ టామ్సన్ 1954లో అక్షరాలతో చేసిన వర్గీకరణనే ఇప్పటికీ వాడుతున్నాం. అంచేత ఎవరూ కొనని వికారపు నాణెమే ఒక్కొక్కప్పుడు గొప్ప సాక్షి. నిగనిగలాడాలని దాన్ని ఆసిడ్‌తో కడిగితే ఆ సాక్షి నోరు నొక్కినట్టే.

ఎక్కడ దొరికిందో తెలియని నాణెం కూడా సగం మూగదే. దొంగతవ్వకాల సరుకు కొనేవాడు చరిత్రని పోగుచెయ్యడం లేదు, చెరుపుతున్నాడు. ఇది పరాయిదేశపు గొడవ అనుకోకండి. దక్షిణభారతంలోనూ 5, 6 శతాబ్దాల బైజాంటియమ్ బంగారు నాణేలు దొరికాయి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజెయ్యాలని 1878 నాటి చట్టం. చెప్పవలసింది జిల్లా కలెక్టరుకి సుమండీ, మాలాంటి నాణేల కలెక్టర్లకి కాదు!

ప్రకటిస్తే ధర పడిపోతుందని కొందరి భయం. నిజమే. ఒకటి అచ్చులో చూశాక పదిమంది తమ పెట్టెలు వెతుక్కుంటారు. రెండోది, మూడోది బయటపడవచ్చు. అరుదుతనం తగ్గుతుంది, తెలివిడి పెరుగుతుంది. నాకు ఆ బేరమే ఇష్టం.

ఈ సరదా ఉన్న విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. కొత్త నాణెం కనిపిస్తే తూకం, కొలత, అడుగున ఉన్న అచ్చు జాడ, దొరికిన చోటు రాసిపెట్టండి. రెండువైపులా ఫోటో తీయించండి. మ్యూజియం వారికో, నాణేల పత్రికకో పంపండి. నాణెం మీదే కావచ్చుగాని అది చెప్పే కబురు అందరిదీ.