మరమ్మతు కూడా విద్యే

వస్తువును సంపాదించడం ఒక ఎత్తు, దానిని నిలుపుకోవడం ఒక ఎత్తు అని పెద్దలంటారు. ఇల్లయినా, పొలమైనా, స్నేహమైనా, భాషయినా ఈ మాటకు లోబడినవే. ఈ సత్యాన్ని నాకు బాగా బోధపరచినవి విశ్వవిద్యాలయంలో చదివిన కావ్యాలు కావు. మా తాతగారు గుడివాడలో కొని, నాన్నగారి చేతుల మీదుగా నాకు సంక్రమించిన 1974 నాటి అంబాసిడర్ కారు ఆ గురుత్వం వహించింది. తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి ఇంజను నూనెతో పని ఏమిటని కొందరు మిత్రులు నవ్వుతారు. ఆ నవ్వుకు సమాధానమే ఈ వ్యాసం.

పాత కార్లను ప్రేమించడమనగానే విదేశాలలో సంపన్నులు తళతళలాడే స్పోర్ట్స్ కార్లను ముద్దుగా పెంచుకొనే దృశ్యం మనసులో మెదులుతుంది. వాటికీ మనకూ సంబంధం లేదనుకుంటాము. కాని బానెట్ ఎత్తి చూస్తే చుట్టరికం బయటపడుతుంది. 1955లో ఇంగ్లండులో వెలువడిన ఎం.జి.ఎ. అనే ప్రసిద్ధ స్పోర్ట్స్ కారులో మొదట అమర్చినది 1489 సి.సి. ఇంజను. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు పనిచేసిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను కూడా ఆ కుటుంబంలో పుట్టినదే. అక్కడ రెండు కార్బురేటర్లతో పరుగు పందేలకు పోయింది. ఇక్కడ ఒక్క కార్బురేటర్‌తో పెండ్లివారిని, రోగులను, కలెక్టర్లను మోసింది. అన్న గుర్రపుస్వారీకి పోతే తమ్ముడు కాడి మోసినట్లన్నమాట.

కనుక అక్కడి అభిమాని తన కారుకు చేసే సేవ, బందరు షెడ్డులో మిస్త్రీ చేసే సేవ మూలంలో ఒక్కటే. భేదమల్లా ఒకటున్నది. అక్కడ ఆ పనికి గ్రంథాలున్నాయి, సంఘాలున్నాయి, పత్రికలున్నాయి. ఇక్కడ ఆ విద్య ఒక వృద్ధుని చేతివేళ్లలో, చెవులలో మాత్రమే ఉన్నది.

మన ప్రాంతంలో పాత కారుకు ప్రథమ శత్రువు ఉప్పు. మంగినపూడి తీరానికో, అవనిగడ్డ మీదుగా హంసలదీవి సంగమానికో వెళ్లివచ్చిన కారు అడుగుభాగాన్ని మరునాడు వంగి చూడండి. నల్లరేగడి బురద మందంగా అంటుకొని ఉంటుంది. ఆ బురద ఉప్పునూ చెమ్మనూ వదలకుండా పట్టి ఉంచి, ఇనుమును లోలోపల తినివేస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ రైతుకు ఉప్పు ఏమి చేయగలదో ఎవరూ చెప్పనక్కరలేదు. చౌడుబారిన పొలానికి మంచినీరు పెట్టి, ఆ నీటిని బయటకు వదిలి, ఉప్పును కడిగివేయడం అతనికి తెలిసిన వైద్యం. కారుకూ అదే వైద్యం. తీరం నుండి వచ్చిన రోజునే అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి. తలుపుల అడుగున నీరు పోయేందుకు చిన్న రంధ్రాలుంటాయి. అవి బురదతో పూడిపోతే తలుపు లోపల నీరు నిలిచి, రేకు లోపలి నుండి కుళ్లుతుంది. ఒక వెదురు పుల్లతో రంధ్రాలను శుభ్రం చేయడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల బద్ధకానికి వేల రూపాయల రేకుపని మూల్యం.

అలాగే రేడియేటరులో ఉప్పునీటి బోరు నీరు పోయరాదు. పోస్తే లోపలి సన్నని గొట్టాలలో పెచ్చులు కట్టి, గుడివాడ చేరేలోగానే ఇంజను మరుగుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనే గుణం కలది. మార్చకుండా వదిలేస్తే చక్రాల దగ్గరి సిలిండర్లు తుప్పు పట్టి, అవసరమైన క్షణాన బ్రేకు మోసగిస్తుంది. వానకాలంలో డెల్కో మూత లోపల చెమ్మ చేరి బండి కదలనంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ముందు చక్రాల కింగుపిన్నులకు క్రమం తప్పక గ్రీజు పట్టించాలి. డెల్కోలోని పాయింట్ల ఎడం, వాల్వుల దగ్గర టాపెట్ల ఎడం, రెండూ అంగుళంలో వెయ్యింట 15 వంతుల ప్రాంతంలో ఉండాలి. అంటే ఒక దళసరి కాగితమంత సందు. అది చెడితే పెట్రోలు వృథా, శక్తి వృథా. వీటిలో ఏ ఒక్కటీ గొప్ప పని కాదు. అన్నీ చిన్న పనులే, కాని మానరాని పనులు. పాత కారు ఏడాదికొక పండుగ కోరదు, పూటపూటా పలకరింపు కోరుతుంది.

నాలుగేండ్ల క్రితం నేనే ఈ నియమం తప్పాను. మా చెల్లెలి నిఖా దగ్గర పడుతున్నది. తలుపు అంచున తుప్పు కనిపించింది. త్వరగా మెరిపించి ఇస్తామన్న ఒక షెడ్డులో కారు అప్పగించాను. వారు తుప్పును గీకకుండానే పాటీ పూసి తెల్లరంగు కొట్టారు. నిఖా నాడు కారు పెండ్లికూతురి వలె మెరిసిన మాట నిజం. ఒక వానకాలం గడిచేసరికి పాటీ పెచ్చులూడి, వేలు దూరేంత కన్నం బయటపడింది. తప్పు వారిదొక్కరిదే అనను. నేను అడిగినదే మెరుపు.

ఆ కన్నాన్ని తీసుకొని మా ఉస్తాద్ దగ్గరకు పోయాను. డెబ్బైయేండ్లు దాటిన మిస్త్రీ ఆయన. మా నాన్నగారి కాలం నుండి ఈ కారు నాడి ఎరిగినవాడు. వేలితో ఆ కన్నాన్ని తడిమి, “తుప్పు మీద రంగంటే తుప్పుకు దుప్పటి కప్పడమే సాబ్. లోపల అది హాయిగా పెరుగుతుంది” అన్నాడు. కుళ్లిన రేకు కోసి, కొత్త రేకు అతికి, రంగు వేసి ఇవ్వడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ సాయంత్రాలు షెడ్డులోనే కూర్చున్నాను. స్టార్టు చేసిన ఇంజను మీద పొడవాటి పేచ్‌కస్ ఆనించి, దాని పిడిని చెవి దగ్గర పెట్టుకొని, ఏది టాపెట్ చప్పుడో, ఏది బేరింగు చప్పుడో వేరుచేసి చెప్పడం చూశాను. ఛందస్సులో యతి తప్పిన చోటు పట్టుకొనే పండితునికీ ఈయనకూ భేదమేమిటో నాకు తోచలేదు.

ఇప్పుడు ఆయన కుడిచేయి వణుకుతున్నది. పాయింట్ల ఎడం తానుగా సరిచేయలేడు. “మీరే పెట్టండి సాబ్, నేను వింటాను” అంటాడు. నేను పెడతాను, ఆయన వింటాడు. షాగిర్దులు ఎవరూ లేరు. షెడ్డు మూసిన రోజున ఆ చెవితో పాటు ఆ విద్య కూడా పోతుంది.

ఈ మధ్య ఒక కళాశాలలో ప్రవేశ దరఖాస్తులు పరిశీలిస్తుండగా, నేనెరిగిన ఒక మెకానిక్ కుమారుడు తండ్రి వృత్తి అన్న చోట ‘వ్యాపారం’ అని వ్రాయడం చూశాను. ఆ పిల్లవానిని నేను తప్పు పట్టను. నూనె మరకల చేతికి మనం ఇచ్చిన మర్యాద ఎంతో ఆ ఒక్క మాటలో ఉన్నది. అతని తండ్రి నడిపే వృత్తి మాటలను చూడండి. మరమ్మతు అన్నది అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా వచ్చి, తెలుగువాడు తనదిగా చేసుకున్న పదం. ఉస్తాద్, షాగిర్దు పారసీకం నుండి వచ్చాయి. మిస్త్రీ పదానికి మూలం పోర్చుగీసు భాషలో ఉన్నదంటారు. ఓడరేవు పట్టణమైన మన బందరుకు ఆ కలయిక వింత కాదు. ఉర్దూ, తెలుగు ఒకే పానా పట్టి పనిచేసే చోటు షెడ్డు. ఆ షెడ్డు భాష మన నిఘంటువులలో ఎంతవరకు ఎక్కింది?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పాత బండ్లు పొగ కక్కుతాయి, ప్రమాదకరం, వాటిని తుక్కుకు పంపడమే మేలని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. మరమ్మతు లేని పాత బండి రోడ్డు మీద అందరికీ ముప్పే. అటువంటి దానిని నేను సమర్థించను. కాని సరిగా చూసుకొన్న బండికీ, వదిలేసిన బండికీ తేడా చూపేది వయస్సు కాదు, చేయి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏండ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు ‘వింటేజి’ గౌరవం కల్పిస్తూ నిబంధనలు ప్రకటించింది. సంతోషమే. అయితే ఆ గౌరవం పొందిన బండి నిత్యోపయోగానికి రోడ్డెక్కరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ పరిమితం. మా కారు ఆ వయస్సు దాటింది. అయినా ఆ గౌరవం కోరలేదు. 2022 ఏప్రిల్‌లో 15 ఏండ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమును 600 నుండి 5,000 రూపాయలకు పెంచారు. ఆ భారమే నాకు సమ్మతం. అద్దాల బీరువాలో పెట్టిన భాష ఎట్లా బ్రతకదో, తిరగని బండి కూడా అట్లాగే బ్రతకదు.

కాలం తెచ్చే మార్పులకు తలవంచడం కూడా మరమ్మతులో భాగమే. 2000 సంవత్సరంలో దేశంలో సీసం కలిసిన పెట్రోలు అమ్మకం ఆగిపోయినప్పుడు పాత ఇంజన్ల వాల్వు సీట్లకు గట్టి లోహం అమర్చుకోవలసి వచ్చింది. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తున్నది. అది పాత రబ్బరును చెరుపుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. అందుచేత పెట్రోలు గొట్టాలు, పంపులోని డయాఫ్రం మార్చుకున్నాను. 2014 మేలో పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారం అంబాసిడర్ తయారీ ఆపివేసింది. నాటి నుండి విడిభాగాల వేట పెరిగింది. దొరకని భాగాన్ని విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద తీయించుకుంటాము. అక్కడి చేతులు కూడా ముసలివవుతున్నాయి.

కనుక మన విద్యాసంస్థలకు నా విన్నపం చిన్నది. భారీ భవనాలు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. నెలకొక మధ్యాహ్నం ఒక మిస్త్రీని తరగతి గదికి ఆహ్వానించి, కుర్చీ వేసి, కూర్చోబెట్టండి. తెలుగు విద్యార్థి తెలుగు లిపిలో, ఉర్దూ విద్యార్థి ఉర్దూ లిపిలో ఆయన మాటలు వ్రాసుకోవాలి. పనిముట్ల పేర్లు, రోగాల పేర్లు, వైద్యాలు ఒక పుస్తకంగా కూర్చాలి. మీ జేబులలోని ఫోనులో టాపెట్ చప్పుడూ, బేరింగు చప్పుడూ రికార్డు చేసి పెట్టుకోండి. పల్లెపాటలు సేకరించినవారిని మనం పండితులని గౌరవిస్తున్నాము. ఈ సేకరణ దానికి తీసిపోదు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరి తండ్రి అయినా పానా పట్టినవాడైతే, దరఖాస్తులో ఆ మాటే వ్రాయండి. ‘మిస్త్రీ’ అని నిండుగా వ్రాయండి. ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చొని, నేర్పమని అడగండి. చేయి వణకక ముందే అడగండి.