బెంచీ మీదైనా మన పిల్లలకు చోటుండదా?

(మా గ్రామీణ విలేఖరి)

హైదరాబాద్ పాతబస్తీ: పాతబస్తీకి బేరానికి పోయే మన పల్లెవాళ్లకు బార్కస్ అనగానే జామపండ్లు గుర్తుకు వస్తాయి. ఆట తెలిసినవాళ్లకు మాత్రం బార్కస్ అంటే ఫుట్‌బాల్. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్ దేశంలోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి నివసించే బస్తీ అది. వాళ్లుండే సైనిక బారకాసులే వాడుకలో బార్కస్ అయ్యాయి. అక్కడ క్రికెట్ జ్వరం ఎంత సోకినా బంతి తన్నే పిల్లలు నేటికీ ఉన్నారు. చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్, తుక్కుగూడ, మహేశ్వరం వైపు వస్తే మన హైస్కూలు మైదానాల్లోనూ అలాంటి పిల్లలు లేకపోలేదు.

ఈ పిల్లలు ఇంటర్ దాటి డిగ్రీకి వచ్చేసరికి ఏమవుతున్నారన్నదే ప్రశ్న. కాలేజీ అయినా, క్లబ్బు అయినా జట్టు కట్టేటప్పుడు పేరున్న ఆటగాడు ఏ రాష్ట్రంలో దొరుకుతాడా అని చూడటం లోకసహజం. గెలవాలన్న తపన ఎవరికైనా ఉంటుంది. మొదటి పదకొండుమంది సంగతి అటుంచుదాం. వారి వెనుక సిద్ధంగా ఉండవలసిన అదనపు ఆటగాళ్లను, అంటే ముందు వరుసలో ఆడే ఫార్వర్డ్‌కు దెబ్బ తగిలితే లేచి వెళ్లవలసిన కుర్రవాణ్ణి కూడా బయటినుంచే తెచ్చుకోవాలా? ఆ చోటైనా స్థానికులకు ఇవ్వాలా? ఇవ్వాలనే మా అభిప్రాయం. ఇది జాలితో చెబుతున్న మాట కాదు. జట్టు మేలు కోరి చెబుతున్న మాట.

నాటి వైభవం ఎవరిది?

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. అదే 1950లో డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. కలకత్తా పెద్ద జట్లు ఈ పోలీసులను చూసి జంకిన రోజులవి. ఆ జట్టులో ఎక్కువమంది ఈ నగరంలోనే పుట్టి, ఇక్కడి గల్లీలలో బంతి తన్ని పైకి వచ్చినవారు. వారిని తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన విదేశాల నుంచి వచ్చిన శిక్షకుడేమీ కాదు. ఉస్మానియాలో చదివి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ వంటి బడులలో పాఠాలు చెప్పిన పంతులుగారు. బడిపంతులు గనుకనే పిల్లవాడిలో ఉన్నదేమిటో పసిగట్టి, లేనిది నేర్పడం ఆయనకు తెలిసింది. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో మాత్రమే తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టేవాడని చెబుతారు.

రహీం శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఆ మెల్బోర్న్ జట్టులో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. పేదింటి పిల్లవాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. రహీం కంట పడకపోతే, హైదరాబాద్ జట్టులో చోటు దొరకకపోతే, అమ్ముగూడ కుర్రవాడి పేరు ఒలింపిక్స్ దాకా పోయేదా? దొరికిన చోటులోనే ఆటగాడు తయారవుతాడు. చోటు ఇవ్వకుండా ఆటగాళ్లు లేరనడం విత్తనం వేయకుండా పంట రాలేదనడం వంటిది.

రిజర్వు అంటే చిన్నచూపు వద్దు

రిజర్వులో ఉన్నవాడంటే మంచినీళ్లు అందించేవాడని కొందరి ఉద్దేశం. ఇది తప్పు. జకార్తా ఆసియా క్రీడలలో మన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ఇతడూ హైదరాబాద్‌లో పుట్టినవాడే, జ్వరంతో పడకేశాడు. అప్పుడు గోలు కాచినవాడు రెండో కీపర్ ప్రద్యోత్ బర్మన్. ఫైనల్‌కు తంగరాజ్ కోలుకుని వచ్చాడు, 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. చరిత్రలో ఫైనల్ ఆడినవారి పేర్లే గట్టిగా వినిపిస్తాయి. కాని మధ్యలో రెండోవాడు నిలబడకపోతే ఫైనల్ ఎక్కడిది?

పైగా ఆ రోజుల కంటే నేడు అదనపు ఆటగాడి విలువ ఎన్నో రెట్లు పెరిగింది. రహీం కాలంలో ఆట మధ్యలో ఆటగాణ్ణి మార్చే వీలు దాదాపు ఉండేది కాదు. ప్రపంచ కప్పులో ఆ వీలు 1970లో వచ్చింది, అదీ ఇద్దరికే. ఇప్పుడు ఐదుగురిని మార్చవచ్చు. 2022లో ఇది శాశ్వత నియమం అయింది. అంటే ఆట ముగిసేసరికి దాదాపు సగం జట్టు కొత్తది కావచ్చు. ఇంత పని ఉన్న చోటును నామకార్థం నింపుకోవడం ఏ జట్టుకూ తెలివైన పని కాదు.

ఇక ఆ చోటుకు స్థానికుడే ఎందుకు అంటే కారణం సామాన్యమైనదే. పరాయి ఊరి నుంచి వచ్చినవాడు ఆడటానికి వస్తాడు, కూర్చోవడానికి రాడు. రెండు నెలలు ఆట దొరకకపోతే పెట్టె సర్దుకుని వేరే జట్టుకు పోతాడు. అందులో అతని తప్పు ఏమీ లేదు. అతనికి హాస్టలు, భోజనం, రాకపోకల ఖర్చు కూడా యాజమాన్యం మీదే. ఇక్కడి కుర్రవాడు పొద్దున ప్రాక్టీసుకు వచ్చి సాయంత్రం ఇంటి అన్నం తింటాడు. ఏడాది ఓపిక పట్టమంటే పడతాడు. రెండో ఏట పిలిస్తే వస్తాడు. పైగా అతను బరిలోకి దిగిన రోజు చూడటానికి బస్తీ బస్తీ కదిలి వస్తుంది.

మనవాళ్లు కలకత్తా పోలేదా?

ఇక్కడ కొందరు ఒక మాట అడుగుతారు. అడగవలసిన మాటే. మన ఆటగాళ్లు బయటికి పోయి పేరు తెచ్చుకోలేదా? పోయారు. బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. తరువాత నయీముద్దీన్, హబీబ్, అతని తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, అందరూ కలకత్తా మైదానాలలో మొనగాళ్లే. నయీముద్దీన్ నాయకత్వంలోనే 1970 ఆసియా క్రీడలలో భారత్‌కు కాంస్యం దక్కింది. 1977లో పేలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవారిలో మన హబీబ్ ఒకడు. కలకత్తావాళ్లు స్థానికులే కావాలని పట్టుబట్టి ఉంటే వీరికి ఆ గౌరవం దక్కేది కాదు.

అందుకే బయటివాళ్లు రావద్దని మేము అనడం లేదు. మొదటి పదకొండులో చోటు ప్రతిభ ఉన్నవాడిది. అతను మణిపూర్ నుంచి వచ్చినా, కేరళ నుంచి వచ్చినా మనవాడే. కాని ఒక్క విషయం మరచిపోరాదు. హబీబ్, షబ్బీర్ అలీ తయారై కలకత్తా పోయారు, తయారు కావడానికి పోలేదు. తయారు చేసింది ఈ నగరం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట ఆడే చోటే లేకపోతే గెలిచేదెక్కడ?

నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య 2025లో దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా అవార్డు అందుకుంది. ఆమె అప్పుడు ఆడుతున్నదీ ఈస్ట్ బెంగాల్ జట్టుకే. మన నేలలో సత్తువ తగ్గలేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

నిన్నమొన్నటి పాఠం

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే పెద్ద జట్టు వెలిసింది. గచ్చిబౌలి స్టేడియం దాని ఇల్లు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. నగరమంతా సంతోషించింది. ఆ విజయంలో పేరు మోగినవారు ఎవరు? శిక్షకుడు మనోలో మార్కెజ్ స్పెయిన్ దేశస్థుడు. గోళ్ల వర్షం కురిపించిన ఓగ్‌బెచె నైజీరియావాడు. నాయకుడు జోవావో విక్టర్ బ్రెజిల్‌వాడు. పెనాల్టీలు ఆపిన కట్టిమణి గోవావాడు. వీరిలో ఎవరినీ తక్కువ చేయనక్కర్లేదు, మంచి ఆట ఆడారు.

కాని ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోరాదన్న ఆంక్షలు వచ్చిపడ్డాయి. 2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో ఆడిన జట్టు ఆ సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. చివరికి 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

డబ్బు తప్పుల వల్ల మునిగిన పడవను స్థానిక ఆటగాళ్లు తేల్చేవారని చెప్పడం లేదు. అయితే, వెనుక వరుసలో పదిమంది పాతబస్తీ పిల్లలు, పదిమంది జిల్లా పిల్లలు ఆరేళ్లపాటు ఆ శిక్షణ పొంది ఉంటే జట్టు పోయినా వాళ్లు ఇక్కడే మిగిలేవారు కదా! మరో క్లబ్బుకో, కాలేజీకో, పోలీసు జట్టుకో పనికి వచ్చేవారు. అద్దెకు తెచ్చిన నాగలి సొంతదారుతోపాటే పోతుంది. దున్నిన పొలమైనా మనకు మిగలాలి.

పరాయి దేశాలలో

స్పెయిన్‌లో అథ్లెటిక్ బిల్బావో అనే జట్టు ఉంది. అది బాస్క్ ప్రాంతంలో పుట్టినవారిని, అక్కడ ఆట నేర్చినవారిని తప్ప ఇతరులను చేర్చుకోదు. నూరేళ్లకు పైబడిన ఆచారమిది. అయినా ఆ దేశపు మొదటి శ్రేణి లీగ్ నుంచి ఆ జట్టు ఒక్కసారీ కిందికి జారలేదు. స్కాట్లాండ్‌లోని సెల్టిక్ జట్టు 1967లో ఇటలీ ఇంటర్ మిలాన్‌ను ఓడించి యూరోపియన్ కప్పు గెలిచింది. ఆ పదకొండుమందీ తమ మైదానానికి ముప్పై మైళ్ల లోపల పుట్టినవారే. ముప్పై మైళ్లంటే చార్మినార్ నుంచి షాద్‌నగర్ దాకా అనుకోండి.

అమెరికా కాలేజీలలో ఫుట్‌బాల్ అన్న పేరుతోనే వేరే ఆట ఉంది. గుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకుని పరుగెత్తుతారు. అలా పరుగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. ఎదుటివాళ్లంతా అతని మీదే పడతారు గనుక దెబ్బలూ అతనికే ఎక్కువ. కాబట్టి అతని వెనుక మరొకడు సిద్ధంగా ఉండి తీరాలి. మొక్కజొన్న పండించే నెబ్రాస్కా రాష్ట్రంలో, చుట్టుపక్కల ఊళ్ల రైతుబిడ్డలు స్కాలర్‌షిప్ లేకుండానే విశ్వవిద్యాలయ జట్టులో చేరి, వెనుక వరుసలో మొదలుపెట్టి ముందుకు వచ్చే ఆచారం ఏళ్ల తరబడి ఉంది. వాళ్లు చేసింది మనం చేయలేమా?

సిఫారసు బెడద

ఈ ఆలోచనకు ఉన్న పెద్ద ప్రమాదం కూడా చెప్పుకోవాలి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత మన దగ్గరే పుట్టింది. స్థానికులకు అంటూ కేటాయించిన చోట్లు పలుకుబడి గలవారి కొడుకులకు, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ కోసం మాత్రమే చేరేవారికి పోవచ్చు. బంతి ముట్టనివాడు బెంచీ మీద కూర్చుని, నిజంగా ఆడగలిగే పేద పిల్లవాడు గోడ అవతల నిలబడితే ఈ మార్పు వల్ల ప్రయోజనం లేదు, నష్టమే.

రెండో ప్రమాదం పిల్లల చదువుకు సంబంధించినది. మైదానంలో సాయంత్రాలు గడిపి, ఆటా దొరకక, హాజరూ చాలక, డిగ్రీ తప్పితే ఆ ఇంటి గతి ఏమిటి? పాతబస్తీలో అయినా, పల్లెలో అయినా సంపాదనకు రావలసిన కొడుకును ఆటకు పంపడం తల్లిదండ్రులకు చిన్న త్యాగం కాదు.

చేయవలసినవి

కనుక ఉత్త మాటతో సరిపెట్టక కొన్ని ఏర్పాట్లు జరగాలి. నగరంలోని కాలేజీలు, క్లబ్బులు రిజర్వు చోట్లలో కనీసం సగం నగరానికి, చుట్టుపక్కల జిల్లాలకు చెందిన పిల్లలకు ఉంచాలి. ఎంపిక తేదీ నెల ముందుగా మండల హైస్కూళ్లలో, బస్తీ మైదానాలలో కాగితం అంటించి తెలపాలి. ఎంపిక బహిరంగంగా, నలుగురు చూస్తుండగా జరగాలి. ఎంపికైనవారి జాబితా అదే రోజు గోడ మీద పెట్టాలి. అప్పుడు సిఫారసుకు సందు తగ్గుతుంది.

తీసుకున్నవాణ్ణి ఏడాదంతా కూర్చోబెట్టరాదు. రెండో జట్టుగా వారికి వేరే మ్యాచ్‌లు పెట్టాలి. పల్లె నుంచి వచ్చేవాడికి బస్సు పాసు, ప్రాక్టీసు అయ్యాక కడుపునిండా తిండి, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యాజమాన్యమే భరించాలి. ఆటకు పోయిన రోజులకు కాలేజీలో హాజరు ఇవ్వాలి. ప్రాక్టీసు ముగిసేవేళ ఆఖరి బస్సు ఉన్నదో లేదో చూసుకోవాలి. చాలామంది పల్లె పిల్లల ఆట ఆగిపోయేది కాలి సత్తువ చాలక కాదు, ఆ బస్సు అందక. ఆడపిల్లల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనమే అనుకుంటే బయటివాళ్లు ఎందుకు అడుగుతారు? పిల్లవాడికి ఆటలో చురుకు ఉంటే హైస్కూలు డ్రిల్ మాస్టారును కలిసి ఎంపికలు ఎప్పుడో కనుక్కోండి. చదువు వదలమని ఎవరూ అనడం లేదు, రెండూ సాగే దారి అడగండి.

సయ్యద్ అబ్దుల్ రహీం 1963లో కన్నుమూశాడు. ఆయన జీవితం మీద 2024లో హిందీ సినిమా వచ్చింది, జనం చూసి చప్పట్లు కొట్టారు. ఆయనకు అసలైన గౌరవం ఆయన పాఠం చెప్పిన గల్లీలలోని పిల్లవాడికి జట్టులో చోటు ఇవ్వడమే. మొదటి పదకొండులో కాకపోతే పన్నెండోవాడిగా మొదలుపెట్టనివ్వండి. కాలేజీ యాజమాన్యాలు, క్లబ్బులు, క్రీడాశాఖ అధికారులు వచ్చే ఎంపికలలోపే ఈ విషయం ఆలోచిస్తారని పాతబస్తీ, పల్లె క్రీడాభిమానులు ఎదురుచూస్తున్నారు.