ఇంటిగుట్టు



ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు నేర్పిరి. భర్తయో కుమారుడో మద్యమునకు వశుడైన గృహములలో ఇల్లాండ్రు ఈ సామెతనే తమ నోటికి తాళముగా వేసికొందురు. అతడు పనికి పోలేని నాడు జ్వరమని కబురంపుదురు. అప్పు తెచ్చి, పండుగ ఖర్చులకని చెప్పుదురు. అయినను గుట్టు దాగదు. మావారు ఉపాధ్యాయులు. బడిలో పిల్లవాడు పుస్తకముమీద తల వాల్చి నిద్రపోయెనన్నచో, రాత్రి ఆ యింట నెవ్వరును కన్ను మూయలేదని వారికి తెలియును. అయినను లంకకు చేటు తెచ్చినది విభీషణుడు చెప్పిన గుట్టుకంటె రావణుడు వినని హితవే కదా!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారాపై కదలిరి. ఆ యుద్యమఫలముగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. భారతమున మౌసలపర్వమందును, మద్యము చేసినవారిని కొరత వేయుదుమని ద్వారకలో చాటింపు వేసిరి. అయినను యాదవులు ప్రభాసతీర్థమునకు పోయి, అచట త్రాగి, ఒండొరులను చంపుకొనిరి. దుకాణము మూయుట ప్రభుత్వపు పని. దాహము మానుటకు మాత్రము మనుజునకు తోడు కావలెను.

అట్టి తోడు 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున మొదలయ్యెను. బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారియు, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడును అచట కలిసికొనిరి. ఇరువురును త్రాగుడుచే చెడినవారే. ఎవరి బోధలకును లొంగని త్రాగుబోతు, తనవలెనే త్రాగి చెడినవాని మాట వినునని వారు గ్రహించిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము ఇట్లు పుట్టినది. 1957 నుండి మనదేశమునను కలదు. చేరుటకు త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటియే చాలును, రుసుము లేదు. పురుషులేకాక స్త్రీలును చేరవచ్చును. ఇంటిపేరు అడుగరు. అచట విన్నమాటను, చూచిన మనిషిని బయట చెప్పరాదని నియమము. మనమే పరువునకు జంకుచున్నామో ఆ పరువును సభవారే కాపాడుదురన్నమాట!

మా చీపురుపల్లివంటి యూళ్లలో సభలను వెదకు విధము చెప్పెదను. సంఘమువారి భారతదేశ కార్యాలయము ముంబయిలో కలదు. వారి వెబ్‌సైటులో సభల వివరములు చూడవచ్చును. మత్తు మాన్పు సహాయమునకు 14446, మనోవ్యథలకు 14416 అను ప్రభుత్వపు ఫోను నంబర్లు కలవు, ఖర్చు లేదు. విజయనగరము ప్రభుత్వ పెద్దాసుపత్రిలోను, విశాఖపట్టణము చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోను అడిగి చూడవచ్చును. బయలుదేరుటకు ముందే దినమును, వేళను, మాటాడు భాషను ఫోనులో నిశ్చయించుకొనుడు. రైలెక్కి పోయి, మూసిన తలుపు చూచి వచ్చినవాడు మరల బయలుదేరుట కష్టము. బహిరంగ సభకు ఎవరైనను పోవచ్చును. అంతరంగ సభ త్రాగుడు మానగోరువారికి మాత్రమే. మొదటినాడు మాటాడక వినుచు కూర్చున్నను దోషము లేదు. నడుమ జారి మరల త్రాగినవానికిని అచట తలుపు మూయరు.

ఒక హెచ్చరిక. అమ్మవారి యెదుట ఒట్టు పెట్టించి, ఆనాటినుండి చుక్క ముట్టనీయకుండుట మన యిండ్లలో వాడుక. ఏండ్ల తరబడి ప్రతిదినము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, రెండు మూడు దినములలో వణుకును, మూర్ఛయు, మతిభ్రమణమును కలిగి ప్రాణాపాయము రావచ్చును. కావున మొదట వైద్యుని చూపవలెను. అతనికి తెలియకుండ అన్నములో పొడులు కలుపుట మరింత ప్రమాదము. సభ వైద్యమునకు తోడే కాని బదులు కాదు.

ఇక మన మాట. బిల్ విల్సన్ భార్య లోయిస్ మరియొక సోదరితో కలిసి, త్రాగుబోతుల కుటుంబములవారికై 1951లో ఆల్ అనాన్ అను వేరు సంఘమును నెలకొల్పెను. అచటికి పోవుటకు భర్త మానువరకు వేచియుండ నక్కరలేదు; ఆయన తన సభకు రానన్నను మనము మన సభకు పోవచ్చును. ఆ త్రాగుడు తనవలన రాలేదనియు, తన కన్నీటితో పోదనియు తెలిసికొన్న స్త్రీ, దాచిన సీసాలు వెదకుట మాని, పిల్లలకు వేళకు అన్నము పెట్టి, తాను ఒక జాము నిద్రించును. ఇది స్వార్థము కాదు. ఆ యింట ఒకరైనను తెలివిగా నుండవలెను కదా! పొదుపు సంఘములలో వరుసగా కూర్చుండి లెక్కలు చెప్పుకొను మనకు సభ కొత్త కాదు. ఒక్కనాటితో తీర్పు చెప్పక, నాలుగైదు మారులు పోయి చూడుడు. భర్త చేయి చేసికొనువాడైనచో మాత్రము సభకై వేచియుండక 181 నంబరునకు ఫోను చేయుడు.

మీ యింట ఈ బాధ లేనిచో మీరు చేయదగిన పని యొకటి కలదు. పొరుగింటి సోదరి సభకు పోవు సాయంకాలము, ఆమె పిల్లలను పిలిచి మీ పిల్లలతోపాటు చదువునకు కూర్చుండబెట్టుకొనుడు. తిరిగివచ్చిన ఆమెను ఎక్కడికి పోయితివని మాత్రము అడుగకుడు.